మన క్లబ్బులో ఆరో మనిషి ఎవరు?

ఆగస్టు చివర్లో హైదరాబాద్ మారథాన్ జరిగే ఆదివారం, పొద్దున తొమ్మిది దాటాక గచ్చిబౌలి స్టేడియంలోకి వెళ్తే ఊళ్లో ఉన్న రన్నింగ్ క్లబ్బులన్నీ ఒక్కచోటే కనిపిస్తాయి. ఒక్కో క్లబ్బుది ఒక్కో రంగు టీషర్టు. తెల్లవారకముందే నెక్లెస్ రోడ్డు మీద పీపుల్స్ ప్లాజాలో బయల్దేరి, ఉక్కపోతలో ఒక్కో ఫ్లైఓవర్ ఎక్కి దిగి వచ్చినవాళ్లు గడ్డిలో కూలబడి ఉంటారు. వాళ్లలో ఎవరినైనా "ఎంతలో చేశారు?" అని అడగండి, సెకన్లతో సహా చెబుతారు. "మీ క్లబ్బు ఎన్నో స్థానంలో వచ్చింది?" అని అడగండి. జవాబు రాదు. ఆ లెక్క ఎవరూ వేయలేదు.

2011లో ఈ మారథాన్ మొదలైనప్పటి నుంచి మన దగ్గర క్లబ్బులు పెరుగుతూనే ఉన్నాయి. కేబీఆర్ పార్కు చుట్టూ, కొండాపూర్ బొటానికల్ గార్డెన్ దగ్గర, ఉస్మానియా క్యాంపస్‌లో, విశాఖ ఆర్కే బీచ్ రోడ్డులో, వరంగల్ భద్రకాళి చెరువు కట్ట మీద, ఎక్కడ చూసినా తెల్లవారుజామున గుంపులుగా పరిగెత్తేవాళ్లే. వారమంతా ఒకరికోసం ఒకరు లేస్తారు. ఒకరి మోకాలి నొప్పి గురించి పది మంది ఆలోచిస్తారు. లాంగ్ రన్ రోజు నీళ్ల డబ్బా ఎవరి కారులో పెట్టాలో ముందురోజు రాత్రే ఖాయం చేసుకుంటారు. తీరా రేసు రోజు తుపాకీ పేలగానే ఎవరికి వారే యమునా తీరే. చిప్ లెక్కగట్టిన నా టైమ్ నాది, నీ పీబీ (ఇప్పటిదాకా నీ బెస్ట్ టైమ్) నీది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన క్లబ్బులు క్లబ్బులుగా పోటీ పడాలి. రోడ్డు రేసుల్లోనూ, అడవి బాటల్లో, కొండల్లో జరిగే ట్రెయిల్ రేసుల్లోనూ జట్టు లెక్క ఉండాలి. అది లేనంతకాలం రేసు రోజున క్లబ్బు అనేది ఒకే రంగు బట్టలు వేసుకున్న మనుషుల గుంపుగానే మిగులుతుంది.

జట్టు లెక్క కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. మైదానాల్లో, బురదలో పరిగెత్తే క్రాస్ కంట్రీ పరుగులో నూరేళ్లకు పైగా నడుస్తున్న పద్ధతే. ఇంగ్లండ్ జాతీయ క్రాస్ కంట్రీ పోటీలో మగవాళ్ల జట్టు నుంచి తొమ్మిది మంది దాకా పరిగెత్తుతారు, మొదట వచ్చిన ఆరుగురి స్థానాలను కూడతారు. ఎవరి మొత్తం తక్కువైతే వాళ్లు గెలిచినట్టు. ఒక క్లబ్బులో ముగ్గురు ఉద్దండులు ఉన్నారనుకోండి. వాళ్లు 1, 2, 3 స్థానాల్లో వచ్చారు. మిగతా ముగ్గురు 40, 55, 70. మొత్తం 171. ఇంకో క్లబ్బులో మొదటి పది మందిలో ఒక్కరూ లేరు. వాళ్ల ఆరుగురు 12, 15, 19, 22, 26, 31. మొత్తం 125. గెలిచింది రెండో క్లబ్బు, అదీ భారీ తేడాతో.

ఈ లెక్కని ఒక నిమిషం నిదానంగా చూడండి. మొదటి క్లబ్బు ఓడిపోయింది ఛాంపియన్ల వల్ల కాదు. వాళ్లు అంతకన్నా ముందుకు రాలేరు, ఒకటి కన్నా చిన్న స్థానం లేదు. వాళ్లని గెలుపుకి దగ్గర చేయగలిగేది 70లో వచ్చిన మనిషి. అతను వచ్చే సీజన్‌కి 40లోకి వస్తే క్లబ్బుకి ఒకేసారి దాదాపు ముప్పై పాయింట్లు కలిసొస్తాయి. ఆ క్లబ్బు కోచ్ మంగళవారం ఇంటర్వల్స్ (కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా పరిగెత్తే సాధన) రోజున ఎవరి పక్కన నిలబడాలి? అతని పక్కనే. ఈ రోజు మన క్లబ్బుల్లో ఎవరి పక్కన నిలబడుతున్నాం? పోడియం ఎక్కేవాళ్ల పక్కన. గ్రూపులో ఫోటోలు ఎవరివి వస్తున్నాయి? వాళ్లవే. మిగతావాళ్లకి "సూపర్ అన్నా", ఒక చప్పట్ల బొమ్మ.

నిజానికి పోడియం కూడా మన క్లబ్బు సభ్యుల్లో చాలామందికి అందేది కాదు. పెద్ద రేసుల్లో ఓపెన్ కేటగిరీ బహుమతుల కోసం వచ్చేవాళ్లలో సైన్యం నుంచి, స్పోర్ట్స్ హాస్టళ్ల నుంచి వచ్చిన పక్కా అథ్లెట్లు ఉంటారు. వాళ్ల బతుకే పరుగు. వాళ్లతో బ్యాంకు ఉద్యోగి, మెడికల్ షాపు యజమాని, ఇద్దరు పిల్లల తల్లి పోటీ పడేదేముంది? వయసుల వారీ బహుమతులు కొద్దిమందికి దక్కుతాయి, అంతే. మామూలు రన్నర్‌కి నిజంగా అందుబాటులో ఉండే పోటీ ఒక్కటే, పక్క క్లబ్బుతో మన క్లబ్బు పోటీ. దాన్నే మనం పెట్టుకోలేదు.

ఈ పద్ధతి ఎంత పాతదో చెప్పాలంటే 1876కి వెళ్లాలి. ఇంగ్లండ్‌లో మొట్టమొదటి జాతీయ క్రాస్ కంట్రీ పోటీ పెడితే పరిగెత్తినవాళ్లు దారి తప్పారు. పోటీ చెల్లదని ప్రకటించి మరుసటి ఏడాది మళ్లీ పెట్టారు. అప్పటికే థేమ్స్ హేర్ అండ్ హౌండ్స్ లాంటి క్లబ్బులు ఉన్నాయి, అది 1868లో పుట్టింది. ఇప్పటికీ అక్కడి రన్నర్ తన క్లబ్బు బనియన్ వేసుకునే జట్టు పోటీకి దిగాలి, వేరేది వేసుకుంటే కుదరదు. చిన్న నియమంలా కనిపిస్తుంది గానీ, వాన బురదలో మెడ దాకా మట్టి కొట్టుకుపోయి వస్తున్న మనిషిని దూరం నుంచి చూసి "మనోడే" అని అరవాలంటే ఆ రంగు కావాల్సిందే.

జట్టు లెక్క ఒక మనిషి మీద ఎంత బరువు పెడుతుందో చెప్పే రేసుల్లో నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది 1924 పారిస్ ఒలింపిక్స్ క్రాస్ కంట్రీ. జూలై నెల, మాడిపోయే ఎండ. 38 మంది బయల్దేరితే గమ్యం చేరింది 15 మందే. ఫిన్లండ్ నుంచి పావో నూర్మి మొదట వచ్చాడు, విల్లే రిటోలా రెండోవాడు. బంగారం, వెండి చేతిలో ఉన్నాయి. కానీ జట్టు పతకానికి ముగ్గురు కావాలి. మూడో మనిషి హైక్కి లీమటైనెన్. స్టేడియంలోకి వచ్చాడు గానీ ఎండదెబ్బకి స్పృహలో లేడు. గీత ఇంకా ముప్పై మీటర్లుందనగా ఆగిపోయాడు, వెనక్కి తిరిగి నడవడం మొదలుపెట్టాడు. కాసేపటికి మళ్లీ తిరిగి, నడుచుకుంటూ వచ్చి గీత దాటాడు. పన్నెండో స్థానం. ఆ అడుగులతోనే ఫిన్లండ్‌కి జట్టు బంగారం వచ్చింది. ఆ రోజు జట్టు పూర్తి చేయగలిగిన దేశాలు మూడే. ఆ దారుణం చూశాక ఒలింపిక్స్ నుంచి క్రాస్ కంట్రీనే తీసేశారు.

ఆ ఎండలో ఆ రేసు పెట్టడం తప్పు, అందులో రెండో మాట లేదు. మన ఎండలు తెలిసిన మనకి ఇంకా బాగా తెలియాలి. దాని గురించి కింద రాస్తాను. కానీ నూర్మి లాంటి మహానుభావుడి జట్టు పతకం కూడా పన్నెండో స్థానంలో వచ్చినవాడి కాళ్ల మీదే ఆధారపడిందన్న సంగతి నన్ను ఎప్పుడూ వదల్లేదు.

ఇప్పుడు ట్రెయిల్ సంగతి. రోడ్డు రేసులో గడియారం రాజు. 42.195 కిలోమీటర్లు నాలుగు గంటల్లో అంటే కిలోమీటరుకి సుమారు అయిదు నిమిషాల నలభై సెకన్ల చొప్పున, ముంబైలోనైనా, విశాఖలోనైనా ఆ అంకెకి ఒక అర్థం ఉంది. అందుకే రోడ్డు మీద మన పోటీ మన పాత టైముతో. ట్రెయిల్‌లో ఆ అంకె పనికిరాదు. వికారాబాద్ అనంతగిరి అడవిలో పది కిలోమీటర్లు వేసవిలో ఒక లెక్క, రెండు వానలు పడ్డాక ఇంకో లెక్క. ఎర్రమట్టి బూటుకి ముద్దలుగా అంటుకుని ఒక్కో కాలు అరకిలో బరువెక్కుతుంది. ఎండిన చోట గులకరాళ్లు కాలి కింద జారతాయి, దిగేటప్పుడు మడమ వేస్తే పడతారు. ముందరి పాదం మీద చిన్న చిన్న అడుగులు వేస్తూ, చేతులు పక్కలకి చాపి బ్యాలెన్స్ చేసుకుంటూ దిగాలి. చెట్లకి కట్టిన రిబ్బన్లే దారి. వాటి మీద కన్ను తప్పితే ఏ పశువుల బాటలోకో వెళ్లిపోతారు. రోడ్డు మీద అయిదు నలభై పేస్‌తో పరిగెత్తే మనిషి ఇక్కడ తొమ్మిది దాటి, కొన్నిచోట్ల పదిహేను నిమిషాలకి పడిపోతాడు. ఆ టైమ్ ఎవరికి చెప్పి ఏం లాభం?

అందుకే ట్రెయిల్‌లో మిగిలేది స్థానం ఒక్కటే. నీ ముందు ఎవరు, నీ వెనక ఎవరు. జట్టు లెక్కకి కావాల్సిందీ అదే. ఇంకో విషయం కూడా ఉంది. ట్రెయిల్‌లో క్లబ్బు లోపలి వరస తారుమారవుతుంది. రోడ్డు మీద వేగంగా ఉండేవాళ్లు దిగుడులో భయపడతారు. రోడ్డు మీద వెనకబడేవాళ్లు, ముఖ్యంగా పల్లెల్లో పొలం గట్ల మీద పెరిగినవాళ్లు, మట్టిలో కాలు ఎక్కడ వేయాలో ఆలోచించకుండానే వేస్తారు. రోడ్డూ ట్రెయిలూ రెండూ లెక్కలో ఉంటే ఒక క్లబ్బు అసలు బలం బయటపడుతుంది.

పోయిన వానాకాలం ఒక ట్రెయిల్ రేసుకి మూడు క్లబ్బుల వాళ్లం ముందే మాట్లాడుకుని ఈ లెక్క పెట్టి చూశాం. రేసు నిర్వాహకులతో పని లేదు. ఫలితాల జాబితాలోంచి మా మూడు క్లబ్బుల వాళ్లని విడదీసి వరస నంబర్లు వేయాలి, ఆరుగురివి కూడాలి, అందులో కనీసం ఇద్దరు ఆడవాళ్లుండాలి. ఇంతే ఒప్పందం. నేను ఆ రోజు పరిగెత్తకుండా, గుడి వైపు చివరి మలుపులో కాగితం, పెన్ను పట్టుకుని నిలబడ్డాను. తడి పెన్ను సరిగా రాయక సగం లెక్క అరచేతిలో వేసుకున్నాను.

మాలో అయిదుగురు దాటిపోయారు. ఆరో మనిషి రావాలి. పక్క క్లబ్బు నీలం టీషర్టులు ఒకటొకటే వెళ్తున్నాయి. చివరికి చెట్ల మధ్య మా నారింజ రంగు కనిపించింది. మా క్లబ్బులో యాభై దాటిన టీచరమ్మ, మేమంతా అక్కా అని పిలుస్తాం. రోడ్డు రేసుల్లో ఆమె ఎప్పుడొస్తుందో ఎవరూ చూడరు, అప్పటికి అందరూ టిఫిన్ దగ్గర ఉంటారు. ఆ రోజు మాత్రం ముందు వచ్చిన అయిదుగురూ మెడలో మెడళ్లతో, మోకాళ్ల దాకా బురదతో వెనక్కి నడిచి వచ్చి నా పక్కనే నిలబడి ఉన్నారు.

"అక్కా, నువ్వే ఆరో మనిషివి! ఎనక ఒకాయన వస్తుండు, పోనియ్యకు!" అని మావాడు ఒకడు గొంతు చించుకున్నాడు.

ఆమె ఆగలేదు. "ఎనకోని సంగతి ఇడిశిపెట్టు తమ్మీ. ముందట ఉరికేటోని అంగి ఏ రంగు?"

"నీలం అక్కా!"

ఆ తర్వాత ఆ దిగుడులో ఆమె ఇద్దరు నీలం టీషర్టుల వాళ్లని దాటింది. ఇద్దరూ ఆమె కొడుకు వయసు వాళ్లు. అందులో ఒకడు ఆ క్లబ్బు లెక్కలోకి వచ్చే ఆరో మనిషి. ఒక ప్రత్యర్థిని దాటితే మనకి ఒక పాయింటు తగ్గుతుంది, వాళ్లకి ఒకటి పెరుగుతుంది. ఆ రోజు మేం గెలిచామా లేదా అన్నది ఈ వ్యాసానికి అవసరం లేదు. ఆమె ఇప్పుడు మంగళవారాలు ఇంటర్వల్స్‌కి వస్తోంది, ఇదివరకు వచ్చేది కాదు.

ఇద్దరు ఆడవాళ్లుండాలన్న నియమం గురించి మొదట్లో గొణుగుడు వచ్చింది. నా ఉద్దేశంలో అన్నిటికన్నా గట్టిగా పట్టుకోవాల్సిన నియమం అదే. పొద్దున నాలుగున్నరకి చీకట్లో ఇంట్లోంచి బయటికి రావడం ఒక ఆడమనిషికి ఎంత కష్టమో క్లబ్బులో మగవాళ్లకి తెలుసు, తెలిసినా అది ఆమె సమస్యగానే ఉండిపోతుంది. జట్టుకి ఆమె కావాలంటే అది క్లబ్బు సమస్య అవుతుంది. ఎక్కడ కలవాలి, ఏ దారిలో వెళ్లాలి, ఎవరు తోడు వెళ్లాలి, మూత్రశాల ఎక్కడుంది, ఇవన్నీ అప్పుడు మీటింగులో మొదటి అంశాలవుతాయి.

తలుపు మూసిపెట్టిన క్రీడ ఎలా ఉంటుందో చెప్పడానికి కామ్రేడ్స్ అనే రేసు కన్నా మంచి ఉదాహరణ లేదు. దక్షిణాఫ్రికాలో డర్బన్‌కీ పీటర్‌మారిట్జ్‌బర్గ్‌కీ మధ్య, దాదాపు 90 కిలోమీటర్ల కొండదారిలో 1921 నుంచి జరుగుతున్న పరుగు. మనవాళ్లు కూడా ఏటా వెళ్లి పరిగెత్తి వస్తున్నారు. ఆ రెండు ఊళ్లూ ఉన్న నేటాల్ గడ్డ మీదికి 1860 నుంచి చెరకు తోటల కూలీలుగా మద్రాసు రేవు నుంచి ఓడలెక్కిన వాళ్లలో విశాఖ జిల్లా వైపు తెలుగువాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల సంతతి ఇప్పటికీ డర్బన్ చుట్టుపక్కల ఉంది. వాళ్ల ఊళ్ల మధ్య నుంచే పోతున్న ఈ రేసులో 1975 దాకా వాళ్లకి అధికారికంగా చోటు లేదు. నల్లవాళ్లకీ లేదు, ఏ రంగు ఆడవాళ్లకీ లేదు. కొందరు నంబరు లేకుండానే పరిగెత్తి గమ్యం చేరారు, పేరు మాత్రం ఫలితాల్లో ఎక్కలేదు. తలుపు తెరిచాక ఈ రోజు అదే రేసు క్లబ్బు సంస్కృతికి నిలయం. దారి పొడవునా క్లబ్బులు గుడారాలు వేసి తమవాళ్లకి ఉడికించిన బంగాళాదుంపలు, ఉప్పు అందిస్తాయి. పన్నెండు గంటల కటాఫ్‌లోపు చేర్చడానికి అనుభవజ్ఞులు గుంపుల్ని వెంటేసుకుని నడిపిస్తారు, ఆ గుంపుని అక్కడ 'బస్' అంటారు. క్లబ్బు జట్లకి విడిగా షీల్డు ఉంది.

నా ప్రతిపాదన మీద వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు, మా క్లబ్బులోనే విన్నాను. "మేం ఆరోగ్యం కోసం పరిగెత్తుతున్నాం, ఈ పోటీలెందుకు?" అనేవాళ్లు ఎక్కువ. వాళ్లని బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదు. కానీ నేను చూసినంతలో ఈ మాట ఎక్కువగా అనేది వెనక వచ్చేవాళ్లే. వాళ్లకి పోటీ అంటే ఇష్టం లేక కాదు, ఇప్పుడున్న పోటీలో వాళ్లకి చోటు లేక. చోటు ఇచ్చి అప్పుడు అడిగి చూడండి.

గాయాల గురించి డాక్టర్ స్నేహితుడొకాయన లేవనెత్తిన అభ్యంతరం మాత్రం బరువైనది. జట్టు కోసమని నొప్పితో పరిగెత్తితే? వడదెబ్బ తగిలినా ఆగకపోతే? లీమటైనెన్ కథ చెప్పి నేనే ఆయనకి ఆయుధం ఇచ్చాను. దీనికి నా జవాబు, జట్టుని ఆరుగురితో కట్టకూడదు. తొమ్మిది, పది, పన్నెండు మందిని దింపాలి, ఆరుగురివి లెక్కపెట్టాలి. ఒకరు ఆగినా ఏడో మనిషి ఆ చోటు నింపుతాడు. నొప్పి ఉన్నవాడిని "నువ్వు ఈసారి వద్దు" అని ఆపే అధికారం కెప్టెన్‌కి ఉండాలి. ఇప్పుడు అలా ఆపేవాళ్లు ఎవరూ లేరు. పీబీ పిచ్చిలో ఉన్న మనిషిని ఒంటరిగా ఎవరు ఆపగలరు? జపాన్‌లో హకోనే ఎకిడెన్ అని 1920 నుంచి విశ్వవిద్యాలయాల రిలే ఉంది. పది మంది రెండు రోజుల్లో రెండు వందల కిలోమీటర్లకు పైగా పరిగెత్తుతూ భుజం మీది గుడ్డ పట్టీని ఒకరి నుంచి ఒకరికి అందిస్తారు. మధ్యలో ఒకరు కూలిపోతే ఆ ఏడాదికి జట్టు ఫలితమే ఉండదు. ఆ పద్ధతి చూడ్డానికి గుండె పట్టేస్తుంది గానీ మన ఎండలకి, మన మామూలు మనుషులకి అది వద్దు. వెనక మనుషులుండే లెక్కే మనకి సరి.

ఇంకొకరు అన్నారు, క్లబ్బులు డబ్బిచ్చి వేగంగా పరిగెత్తేవాళ్లని తెచ్చుకుంటాయని. తెచ్చుకోవచ్చు. అందుకే ఏడాది పాటు సభ్యుడిగా ఉన్నవాళ్లకే అర్హత పెట్టాలి, ఒక మనిషి ఒకే క్లబ్బుకి పోటీ పడాలి. ఇంగ్లండ్‌లోనూ ఫస్ట్ క్లెయిమ్ అని ఇలాంటి నియమమే ఉంది. అయినా ఆరుగురి లెక్కలో ఒకరిద్దరు అద్దె వీరులు పెద్దగా ఏం చేయలేరని పైన కూడికలోనే చూశాం. ఒకరి బిబ్ (ఛాతీ మీద పెట్టుకునే నంబరు) పెట్టుకుని ఇంకొకరు పరిగెత్తే జబ్బుకి కూడా ఇది మందు అవుతుందని నా నమ్మకం. మొత్తం క్లబ్బు ఫలితం రద్దవుతుందంటే పక్కవాడే ఆపుతాడు.

నిర్వాహకులు చేయాల్సిన పని కొంచెమే. రిజిస్ట్రేషన్ ఫారంలో క్లబ్బు పేరు అడగాలి, ఆ గడిలో అందరూ ఒకేలా రాసేలా జాబితా పెట్టాలి, చిప్ టైమింగ్ వాళ్లు ఫలితాల్ని క్లబ్బు వారీగా కూడాలి. ఉద్యోగుల జట్లకి, పోలీసు జట్లకి పోటీలు పెట్టే పెద్ద రేసులు దేశంలో ఉన్నాయి. సదుపాయం లేక కాదు, క్లబ్బులు అడగక.

అడిగేదాకా ఆగడం కూడా నాకు ఇష్టం లేదు. వచ్చే సీజన్‌కి మా మూడు క్లబ్బులూ నాలుగు రేసులు అనుకుంటున్నాయి. ఫ్లైఓవర్ల హైదరాబాద్ ఒకటి, విశాఖ తీరంలో చదునైన రోడ్డు ఒకటి, రెండు ట్రెయిళ్లు. నాలుగింటి మొత్తం కలిపి తక్కువ వచ్చినవాళ్లది పైచేయి. ట్రోఫీ ఇంకా అనుకోలేదు. ఏ రేసులోనైనా ఆరుగురు పూర్తి చేయలేకపోయిన క్లబ్బుకి ఆ రేసులో ఫలితం ఉండదు, మాకైనా సరే. విజయవాడ, గుంటూరు, వరంగల్, కరీంనగర్ ఏ ఊరి క్లబ్బైనా కలవొచ్చు. పన్నెండు మంది పేర్లు, అందులో కనీసం నలుగురు ఆడవాళ్లవి, కెప్టెన్ పేరు, టీషర్టు రంగు పంపితే చాలు. రంగు మాత్రం ముందే చెప్పండి, నారింజ, నీలం, ఆకుపచ్చ అయిపోయాయి.